చిత్తుబొమ్మ నుంచి లేయర్ల చిత్రానికి: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

చార్మినార్ ఎదుట నిలబడి పెన్సిల్‌తో గీసుకున్న చిత్తుబొమ్మను తెరపై లేయర్లుగా (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శక పొరలుగా) రంగులు వేసి డిజిటల్ చిత్రంగా మార్చేందుకు ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా, నీడ పడకుండా పట్టుకోవాలి. కొంచెం వాల్చినా నాలుగు మినార్లూ పైకి పోయేకొద్దీ దగ్గరకు ఒరిగినట్లు వస్తాయి, ఆ వంకర చివరి లేయర్ దాకా వెంటాడుతుంది. వీలైతే స్కానరే మేలు.

కాన్వాస్ (తెరపై బొమ్మ గీసే పలక) కొలత ముందే నిర్ణయించుకోవాలి. ఏ4 కాగితంపై 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో) అచ్చు వేయాలంటే 2480 × 3508 పిక్సెళ్లు అవసరం. చిన్నదానిపై పూర్తిచేసి తరువాత సాగదీస్తే గీతల అంచులు మసకబారతాయి. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ అనే బొమ్మల యాప్ వాడేవారికి కాన్వాస్ పెరిగేకొద్దీ దొరికే లేయర్ల సంఖ్య తగ్గుతుందన్నది కూడా గుర్తుండాలి.

చిత్తుబొమ్మ లేయర్‌ను అన్నింటికంటే పైన ఉంచి, కాగితపు తెలుపు కింది రంగులను కప్పకుండా మల్టిప్లై మోడ్‌లో పెట్టి, అపాసిటీని (లేయర్ ఎంత చిక్కగా కనిపించాలన్న కొలతను) 30 శాతం దగ్గరకు తగ్గించి, తప్పనిసరిగా లాక్ చేయాలి. లాక్ మరిచిపోయి ఒకసారి కమాను నీడలన్నీ ఆ లేయర్‌పైనే వేశాను. చివర్లో దాన్ని తొలగించగానే సాయంత్రమంతా పడిన శ్రమ దానితోపాటే పోయింది.

ఆకాశం, కట్టడం, గాజుల దుకాణాలు, జనం వేర్వేరు లేయర్లలో, పేర్లతో ఉండాలి. ‘లేయర్ 27’ ఏమిటో మర్నాటికి మనకే తెలియదు.

అచ్చుకు వెళ్లే బొమ్మ అయితే సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరా రంగుల) ప్రివ్యూ చూసుకోవాలి, ఎందుకంటే లాడ్ బజార్ గాజులకు తెరపై వేసిన మెరుపు ఆకుపచ్చ కాగితంపై వెలవెలబోతుంది. జేపెగ్‌లో లేయర్లన్నీ ఒకటైపోతాయి కనుక లేయర్లను విడివిడిగానే ఉంచే పీఎస్‌డీ ఫైలు ప్రతిని విడిగా దాచుకోవాలి.