పొరపాటున కొన్న కార్డుని దాచెయ్యకండి, బైండర్ మొదటి పేజీలో పెట్టండి

నేను పోకీమాన్ కార్డులు సేకరిస్తాను. వాటిని పెట్టుకునే నా బైండర్ మొదటి పేజీలో ఒక చారిజార్డ్ ఉంది, అంటే నిప్పులు కక్కే డ్రాగన్ లాంటి పోకీమాన్ బొమ్మ ఉన్న కార్డు. నకిలీ కాదు, ఒరిజినలే, కానీ నేను కొంటున్నాననుకున్న కార్డు మాత్రం అది కాదు. ఈ కార్డులు సెట్లు సెట్లుగా వస్తాయి. 1999లో వచ్చిన మొదటి ఇంగ్లీష్ సెట్, బేస్ సెట్‌లో చారిజార్డ్ నంబర్ 4/102, నేను కొంటున్నాననుకున్నది అదే. పోకీమాన్‌కి 25 ఏళ్లు నిండాయని 2021లో సెలబ్రేషన్స్ అనే సెట్ వేశారు, అందులో అదే కార్డుని అదే బొమ్మతో, కింద అదే 4/102 నంబర్‌తో మళ్లీ ప్రింట్ చేశారు. చూడగానే దొరికే తేడా బొమ్మ మూలన వేసిన చిన్న 25 గుర్తు. అమ్మినతను పంపిన ఫోటోలో సరిగ్గా ఆ మూల మీద బొటనవేలు ఉంది. నేను ఆ ఫోటోని జూమ్ చేసి అంచులు చూశాను, మెరుపు చూశాను, వెనక వైపు ఫోటో కూడా అడిగాను. వేలు పక్కకి తీసి ఇంకొకటి తియ్యమని మాత్రం అడగలేదు. 14,000 రూపాయలు యూపీఐలో పంపేశాను, నాలుగు రోజుల తర్వాత కూకట్‌పల్లిలో మా ఇంటికి కవర్ వచ్చింది, విప్పి చూస్తే ఆ వేలు కింద ఏముందో కనపడింది. అప్పటి రేటుకి ఆ కార్డు నేను ఇచ్చిన దాంట్లో సగం కూడా చెయ్యదు.

వారం రోజులు దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, తిట్టుకుని, దాచేసి, మూడు నెలలకి మళ్లీ అదే తప్పు ఇంకో కార్డుతో చేస్తారు. నేను కూడా చేశాను. రెండోసారి దెబ్బ తగిలాక ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, నాకు గుర్తున్న ప్రతి తప్పు కొనుగోలు అందులో రాయడం మొదలుపెట్టాను. మీరూ ముందు ఈ పని చెయ్యండి, మిగతావన్నీ తర్వాత.

రాయాల్సింది కార్డు పేరు, ధర ఒక్కటే కాదు, అవి ఎలాగూ గుర్తుంటాయి. డబ్బు కొట్టే ముందు అరగంటలో ఏం జరిగిందో రాయండి. టైమ్ ఎంత, అమ్మేవాళ్లు ఏమన్నారు, మీరు ఏం చెక్ చేశారు, ఏది చెక్ చెయ్యాలనిపించినా వదిలేశారు, ఎందుకు వదిలేశారు. నా చారిజార్డ్ కింద ఇలా ఉంది: "రాత్రి 11:40. ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారన్నాడు. ఇంకో ఫోటో అడిగితే కోపం వచ్చి వేరేవాళ్లకి ఇచ్చేస్తాడేమో అనిపించింది." ఏడు తప్పులు రాశాక చూసుకుంటే అందులో ఐదు రాత్రి పది దాటాక చేసినవే, ఐదింటిలోనూ అవతలివాళ్లు తొందరపెట్టినవే. అప్పటినుంచి రాత్రి భోజనం అయ్యాక ఏ కార్డుకీ డబ్బు పంపను, తెల్లారాక పంపుతానని చెప్తాను. అలా చెప్పినందుకు పోయిన కార్డులు రెండో మూడో ఉంటాయి, పోనివ్వండి. మీ నోట్‌బుక్‌లో వేరే సంగతి బయటపడొచ్చు, కొందరికి జీతం పడిన వారం, కొందరికి కొత్త సెట్ రిలీజైన వారం. కొత్త సెట్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, మొదటి వారం ధర చాలాసార్లు అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, ప్యాకులు అందరి చేతుల్లోకీ వచ్చాక దిగుతుంది, కాబట్టి ప్యాకు కాకుండా విడిగా ఒకే కార్డు కావాలంటే కొన్నాళ్లు ఓపిక పట్టండి.

ఇక నకిలీల గురించి. మా మేనల్లుడికి పదేళ్లు, పుట్టినరోజుకి ఎవరో డబ్బా నిండా బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు ఇచ్చారు, యాభై అయిదు కార్డులు, అన్నీ పెద్ద పెద్ద పేర్లే. "మామయ్యా, ఇవి లక్షలు చేస్తాయి కదా" అని పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహం చూస్తే అవన్నీ నకిలీవన్న నిజం చెప్పబుద్ధి కాలేదు, కానీ స్కూల్లో వాడు వాటిని ఇచ్చి మంచి కార్డులు మార్చుకుంటే ఇంకో పిల్లాడు మోసపోతాడు కదా, అందుకని కూర్చోబెట్టి చూపించాను. నా దగ్గరున్న కామన్ కార్డు, అంటే విరివిగా దొరికే మామూలు కార్డు ఒకటి తీసుకున్నాం, ఇంకో చోట కొని మోసపోయిన అట్ట నకిలీ ఒకటి తీసుకున్నాం, గదిలో లైట్ ఆర్పి రెండిటి వెనకా ఫోన్ టార్చ్ పెట్టాం. నకిలీలోంచి వెలుతురు ట్యూబ్‌లైట్ కవర్‌లోంచి వచ్చినట్టు వచ్చేసింది. అసలు కార్డులో మధ్యన ముదురు రంగు పొర ఉంటుంది, అది వెలుతురుని చాలావరకు ఆపేస్తుంది, అంచుని కంటికి దగ్గరగా పెట్టి చూస్తే రెండు తెల్ల పొరల మధ్య సన్నటి నల్లగీత లాగా కనిపిస్తుంది. తర్వాత వెనక వైపు నీలం రంగు పక్కపక్కన పెట్టి చూశాం, నకిలీది కాస్త ఊదాగా, కడిగేసినట్టు ఉంది. బొమ్మ కార్డంతా పరుచుకుని ఉండే ఖరీదైన కార్డుల్లో చాలావాటి మీద వేలిముద్ర గీతల్లాంటి గరుకు ఉంటుంది, గోరుతో మెల్లగా తాకితే తెలుస్తుంది, నకిలీలు ఎక్కువగా అద్దంలా నున్నగా ఉంటాయి. స్పెల్లింగ్, అక్షరాల లావు, కొలత కూడా చూడండి, అసలు కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. ఒక జాగ్రత్త: జపాన్ కార్డుల అట్ట వేరు, పాత కార్డుల అట్ట వేరు, కాబట్టి పోల్చేటప్పుడు అదే భాష, అదే కాలం కార్డుతో పోల్చండి. అందుకే ప్రతి కాలానిదీ ఒక చవక కామన్ కార్డు దగ్గర పెట్టుకోమంటాను.

ధర విషయంలో నేను చేసిన తప్పు, అమ్మేవాళ్లు అడుగుతున్న రేటునే మార్కెట్ రేటు అనుకోవడం. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో అమ్ముడైపోయిన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది పెట్టి అదే కండిషన్‌లో ఉన్న చివరి ఐదారు అమ్మకాలు చూడండి, తర్వాత డాలర్‌ని రూపాయల్లోకి మార్చండి. బయట దేశం నుంచి మీరే తెప్పించుకుంటుంటే షిప్పింగ్, కస్టమ్స్ కూడా కలుపుకోండి, లేకపోతే పార్సెల్ గుమ్మం దగ్గరికొచ్చాక డ్యూటీ కట్టమంటే గుండె గుభేల్మంటుంది. కండిషన్ దగ్గర కూడా మాట నమ్మకండి, "మింట్ ఉంది అన్నా", అంటే కొత్తదానిలా ఉందని అందరూ అంటారు. నాలుగు మూలలు విడివిడిగా, వెనక వైపు అంచులు, కార్డుని లైట్ కింద అటూ ఇటూ తిప్పుతూ తీసిన వీడియో, ఇవి అడగండి. వెనక నీలం అంచు మీద తెల్ల చుక్కలున్నా, మెరుపు మీద గీతలున్నా మామూలు ఫోటోలో పడవు. గ్రేడ్ చేసిన కార్డు, అంటే పీఎస్ఏ లాంటి కంపెనీ పరీక్షించి మార్కు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసింది అయితే, ఆ కంపెనీ సైట్‌లో ఆ సర్టిఫికెట్ నంబర్ కొట్టి చూడండి, అక్కడితో ఆగకండి, డబ్బా కూడా నకిలీది చేసి అసలు నంబర్ అంటించేవాళ్లున్నారు, సైట్‌లో ఫోటో ఉంటే కార్డు మీద ప్రింట్ మధ్యలో కాకుండా ఏ అంచు వైపు జరిగిందో కూడా పోల్చండి.

మన ఊళ్లో ఉన్న సౌకర్యం ఏంటంటే చాలావరకు చేతిలో పట్టుకుని చూసి కొనొచ్చు. నేను అమీర్‌పేట్ మెట్రో స్టేషన్ దగ్గర కలుస్తాను, ఎరుపు, నీలం లైన్లు కలిసేది అక్కడే కాబట్టి ఎల్బీ నగర్ నుంచి వచ్చేవాళ్లకైనా నాగోల్ నుంచి వచ్చేవాళ్లకైనా ఒకే రైలు సరిపోతుంది. జేబులో టార్చ్, ఒక కామన్ కార్డు, కార్డుకి తొడిగే పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లు రెండు. ఒకసారి ఒక కుర్రాడు నేను టార్చ్ తియ్యగానే "అన్నా, నమ్మకం లేదా" అన్నాడు. "నీ మీద ఉంది తమ్ముడూ, ఈ కార్డు నీకు అమ్మినవాడు ఎవరో నాకు తెలీదు కదా" అన్నాను. అతనూ వంగి చూశాడు, కార్డు మంచిదే, ఇప్పటికీ మేం ఫోన్లో మాట్లాడుకుంటాం.

లోపల ఏ కార్డులున్నాయో తెలియకుండా సీల్ వేసి అమ్మే ప్యాకుల గురించి ఒక్క మాట, తెలియనివాళ్ల దగ్గర విడి ప్యాకులు కొనకండి, తెరిచి మళ్లీ అంటించినవి తగులుతాయి, పాత ప్యాకులైతే తూకం వేసి మెరుపు కార్డున్న బరువైనవి తీసేసుకుని తేలికవి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

దాచుకునే సామాను కొనడంలో కూడా డబ్బు పోగొట్టుకున్నాను. స్టేషనరీ షాపులో చవగ్గా దొరికే వాసనొచ్చే ప్లాస్టిక్ పేజీలు, రింగులున్న ఫైళ్లు వద్దు, రింగు నొక్కుకుని లోపలి వరస కార్డుల మీద గాట్లు పడతాయి. పీవీసీ కాని పేజీలు, పక్కనుంచి పెట్టే అరలు, ఖరీదైనదైతే మెత్తటి స్లీవ్‌లో పెట్టి టాప్‌లోడర్‌లో, అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగులో వెయ్యడం మేలు. జూన్‌లో వానలు మొదలయ్యాక మెరుపు కార్డులు విల్లులా వంగుతాయి, మందుబిళ్లల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా డబ్బాలో వెయ్యండి. ఏప్రిల్, మే ఎండల్లో బండి డిక్కీలో పెట్టి మాత్రం తిరగకండి.

ఇది పొరపాటు కాదు, కావాలనే మోసం చేశారని తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. పార్సెల్ విప్పేటప్పుడు, కవర్ మీద అడ్రస్ కనపడేలా మొదలుపెట్టి, ఆపకుండా వీడియో తీసే అలవాటు చేసుకోండి, చాట్ డిలీట్ చెయ్యకండి, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

నకిలీ చేతికొస్తే ఇంకొకరికి అంటగట్టకండి. ఒకటి పోల్చి చూడ్డానికి ఉంచుకుని, వెనక పర్మనెంట్ మార్కర్‌తో పెద్దగా "నకిలీ" అని రాయండి, మిగతావి చింపెయ్యండి. నా చారిజార్డ్ లాంటి అసలు కార్డు అయితే అది ఏ సెట్‌దో స్పష్టంగా చెప్పి, ఆ మూల కనపడేలా ఫోటో తీసి అమ్మెయ్యొచ్చు. నన్ను ఇద్దరు అడిగారు, నేను ఇవ్వలేదు. మా మేనల్లుడు ఎవరి కార్డు చూసినా ఇప్పుడు ముందు "వేలు తియ్యి" అంటున్నాడు.