జీతంలో టాక్స్ కోత – 3వ పాఠం: ఇంట్లో రెండు జీతాలు, రెండు డబ్ల్యూ-4లు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ తాజా పే స్టబ్ (జీతం చీటీ) తీసి, జనవరి నుంచి ఇప్పటిదాకా అమెరికా ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ కింద ఎంత పట్టుకున్నారో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం వేరే వరుసల్లో ఉంటాయి, వాటిని ఇందులో కలపొద్దనీ చెప్పాను. ఆ కాగితం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే రెండు పే స్టబ్‌లూ కావాలి, ఎందుకంటే ఈ పాఠం ముఖ్యంగా వాళ్ల కోసం.

దీనికి ఒక పాఠం మొత్తం ఎందుకు కేటాయించానో ముందు చెబుతాను. మా ఆవిడకు ఈఏడీ (అమెరికాలో ఉద్యోగం చేయడానికి అనుమతి కార్డు) వచ్చి, జనవరిలో ఉద్యోగంలో చేరింది. చేరిన రోజు ఆన్‌లైన్‌లో నింపాల్సిన బోలెడు ఫారాల మధ్య డబ్ల్యూ-4 (జీతంలోంచి ఎంత టాక్స్ కోయాలో కంపెనీకి చెప్పే ఫారం) కూడా వచ్చింది. పెళ్లయింది కాబట్టి ‘మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ’ అని పెట్టి, కింద సంతకం చేసి ముందుకెళ్లిపోయింది. నాదీ ఏళ్ల తరబడి అలాగే ఉంది. మరుసటి ఏడాది మార్చిలో ఒక రాత్రి రిటర్న్ వేయడానికి కూర్చున్నాం. నా డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోతల వివరాలతో కంపెనీ ఇచ్చే ఫారం) ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ పైమూల ఆకుపచ్చ రంగులో చిన్న రిఫండ్ కనపడింది. తనది ఎక్కించగానే ఆ అంకె ఎర్రగా మారింది. వేలల్లో కట్టాలంది! సున్నా ఎక్కువ కొట్టానేమోనని తన డబ్ల్యూ-2 చెరిపేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే అంకె. డౌన్ పేమెంట్ కోసం దాచుకున్న దాంట్లోంచి తీసి కట్టాం. ఫారంలో మేము అబద్ధం ఏదీ రాయలేదు, టిక్ చేయాల్సిన ఒక గడిని వదిలేశామంతే.

ఇది ఎలా జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. పెన్ను తీసుకుని మీరూ వేయండి, చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ వేస్తేనే మనసులో నిలుస్తుంది.

భర్త జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు, భార్య జీతం 80,000 అనుకుందాం. 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు, ఇన్సూరెన్స్, పిల్లల క్రెడిట్ (పిల్లలున్నందుకు టాక్స్ లో ఇచ్చే తగ్గింపు) ప్రస్తుతానికి పక్కన పెడదాం. 2026లో ఉమ్మడిగా ఫైల్ చేసేవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ (టాక్స్ వేయకుండా వదిలేసే ఆదాయం) 32,200. అది తీసేశాక మిగిలే ఆదాయంలో మొదటి 24,800కి 10 శాతం, అక్కడి నుంచి 1,00,800 దాకా 12 శాతం, ఆపైన 2,11,400 దాకా 22 శాతం టాక్స్.

ఇద్దరిదీ కలిపి 2,00,000. డిడక్షన్ పోగా 1,67,800. మొదటి మెట్టులో 2,480, రెండో మెట్టులో 9,120, మూడో మెట్టులో మిగిలిన 67,000కి 14,740. మొత్తం 26,340 డాలర్లు. ఆ ఇంటి అసలు టాక్స్ అది.

ఇప్పుడు రెండు కంపెనీల పేరోల్ (జీతాల విభాగాలు) ఏం చేస్తున్నాయో చూడండి. భర్త కంపెనీకి తెలిసింది అతని జీతం ఒక్కటే. డబ్ల్యూ-4లో జాయింట్ అని ఉంది కాబట్టి, ఇంటికి ఇదొక్కటే ఆదాయం అనుకుని 32,200 మొత్తం తీసేస్తుంది. మిగిలిన 87,800కి టాక్స్ 10,040. భార్య కంపెనీ కూడా తనదొక్కటే ఆదాయం అనుకుని అదే 32,200ని మళ్లీ తీసేస్తుంది. మిగిలిన 47,800కి 5,240. రెండూ కలిపితే ఏడాదిలో పట్టుకునేది 15,280. తక్కువ పడింది 11,060 డాలర్లు!

ఒకే డిడక్షన్‌ను ఇద్దరూ పూర్తిగా వాడుకున్నారు. 10, 12 శాతం మెట్లు కూడా రెండుసార్లు వాడుకున్నారు. 22 శాతం మెట్టు దాకా ఏ ఒక్కరి పేచెక్కూ వెళ్లనే లేదు. ప్రతి రెండు వారాలకూ చేతికొచ్చిన జీతం కాస్త నిండుగా కనపడుతుంది, అది మనదేననుకుని ఖర్చు పెట్టుకుంటాం.

దీనికి మందు డబ్ల్యూ-4లోనే, స్టెప్ 2 కింద ‘సి’ దగ్గర ఉన్న చిన్న గడి. ఇంట్లో మొత్తం రెండే ఉద్యోగాలుంటే ఇద్దరూ తమ తమ ఫారాల్లో దాన్ని టిక్ చేయాలి. టిక్ చేస్తే పేరోల్ ఒక్కొక్కరికీ సగం డిడక్షన్, సగం మెట్లు మాత్రమే ఇస్తుంది. పై లెక్కే మళ్లీ వేయండి: 1,20,000లోంచి 16,100 పోతే 1,03,900, దానికి 17,570. 80,000లోంచి 16,100 పోతే 63,900, దానికి 8,770. కూడితే 26,340. అసలు టాక్స్‌తో డాలరు కూడా తేడా లేదు. ఈ లెక్క మొదటిసారి సరిపోయినప్పుడు నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను.

అన్ని ఇళ్లకూ ఇంత కచ్చితంగా కుదరదు. తక్కువ జీతం ఎక్కువ జీతంలో సగం కంటే పైన ఉంటేనే ఈ గడి బాగా పనిచేస్తుందని ఫారంలోనే రాసి ఉంటుంది. ఒకరిది 1,80,000, ఇంకొకరిది పార్ట్ టైమ్ 25,000 అయితే అవసరానికి మించి కోత పడుతుంది. అలాంటివాళ్లు స్టెప్ 2లో ‘బి’ చెప్పే వర్క్‌షీట్ వాడాలి, లేదా ఐఆర్‌ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) వెబ్‌సైట్‌లోని టాక్స్ విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్‌లో రెండు పే స్టబ్‌ల అంకెలూ ఎక్కించాలి. మూడు ఉద్యోగాలున్నా అంతే. నా మట్టుకు నేను ఎస్టిమేటర్‌కే ఓటు వేస్తాను. అందులో పేరు, ఎస్సెస్సెన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఏవీ అడగరు, పావుగంటలో అయిపోతుంది.

పిల్లలున్నవాళ్లు స్టెప్ 3 దగ్గర ఆగండి. 17 ఏళ్లలోపు బిడ్డకు 2,200 డాలర్ల క్రెడిట్ అక్కడే రాస్తారు. దాన్ని ఒక్కరి ఫారంలోనే రాయాలి, జీతం ఎక్కువ ఉన్నవాళ్ల ఫారంలో. ఇద్దరూ రాస్తే మళ్లీ అదే కథ, ఒకే క్రెడిట్ రెండుసార్లు వాడినట్టు. ఇంకో మాట. ఆ 2,200 రావాలంటే బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. ఇండియాలో పుట్టి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకు సాధారణంగా ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకు ఇచ్చే టాక్స్ నంబర్) మాత్రమే ఉంటుంది, వాళ్లకు వచ్చేది 500 డాలర్లే. ఈ తేడా తెలియక 2,200 రాసేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఏడాది మధ్యలో ఈ పాఠం చదువుతున్నవాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది: ఇప్పటిదాకా తక్కువ పడింది ఏం చేయాలి? మన ఉదాహరణలోని జంట రెండు వారాలకోసారి జీతం అందుకుంటున్నారనుకోండి, ఏడాదికి 26 పేచెక్కులు. 16 అయిపోయాక ఆగస్టులో సంగతి తెలిసింది. అప్పటికి తక్కువ పడింది 11,060లో 26వ వంతుకు 16 రెట్లు, అంటే సుమారు 6,806. ఇద్దరూ గడి టిక్ చేస్తే మిగతా 10 పేచెక్కుల కోత సరిగ్గా పడుతుంది. పాత లోటు కోసం ఒకరి ఫారంలో స్టెప్ 4 ‘సి’ దగ్గర, పేచెక్కుకు అదనంగా 681 డాలర్లు అని రాస్తే డిసెంబరుకల్లా లెక్క సరిపోతుంది. జీతంలోంచి పట్టుకున్న టాక్స్‌ను, ఏ నెలలో పట్టుకున్నా సరే, ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే ఐఆర్‌ఎస్ లెక్కిస్తుంది. అందుకే ఆలస్యంగా మేలుకున్నవాళ్లకు ఇది మంచి దారి.

రెండు జాగ్రత్తలు. కొత్త డబ్ల్యూ-4 ఇచ్చినా అమల్లో పెట్టడానికి కంపెనీకి నెల వరకూ గడువుంటుంది, కాబట్టి తర్వాతి రెండు పే స్టబ్‌లు తెరిచి చూడండి. జనవరి రాగానే ఇంకో డబ్ల్యూ-4 ఇచ్చి ఆ 681ని తీసేయండి. మరిచిపోతే ఏడాదంతా అలాగే కోస్తూ పోతారు.

పెనాల్టీ గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం. ఏప్రిల్‌లో కట్టాల్సింది 1,000 డాలర్ల లోపు ఉంటే పెనాల్టీ లేదు. ఈ ఏడాది టాక్స్‌లో 90 శాతం ముందే కట్టేసి ఉన్నా, పోయినేడాది మొత్తం టాక్స్‌కు సమానంగా కట్టి ఉన్నా లేదు. పోయినేడాది ఏజీఐ (కొన్ని మినహాయింపులు పోగా మిగిలే మొత్తం ఆదాయం) 1,50,000 దాటినవాళ్లు మాత్రం పోయినేడాది టాక్స్‌కు 110 శాతం కట్టి ఉండాలి. మన జంటకు మొదటి ఏడాది పెనాల్టీ పడదు, ఎందుకంటే అంతకుముందు ఒక్క జీతం మీద వాళ్ల టాక్స్ సుమారు 10,000, పట్టుకున్నది 15,280. బకాయి 11,060 మాత్రం ఏప్రిల్ 15కల్లా కట్టాల్సిందే. అదే తప్పు రెండో ఏడాది చేస్తే పెనాల్టీ తప్పదు. ‘పోయినసారి ఏం కాలేదు కదా’ అని ఊరుకున్నవాళ్లే దీనికి దొరికిపోతారు. చేతిలో డబ్బు లేకపోయినా రిటర్న్ మాత్రం గడువులోపు వేయండి. రిటర్న్ వేయకపోతే బకాయి మీద నెలకు 5 శాతం, వేసి కట్టకపోతే నెలకు అర శాతం. తేడా పదింతలు.

ఇక రెండో వైపు, ఏటా పెద్ద రిఫండ్ వచ్చేవాళ్లు. 4,000 వస్తే సంబరంగానే ఉంటుంది, కాదనను. కానీ అది పేచెక్కుకు 154 డాలర్ల చొప్పున మీ దగ్గర్నుంచి ముందే తీసుకున్న మీ జీతం. గడువులోపు ఫైల్ చేసినవాళ్లకు, గడువు తేదీ నుంచి 45 రోజుల్లోపు తిరిగి ఇచ్చేస్తే ఐఆర్‌ఎస్ దాని మీద వడ్డీ ఏమీ ఇవ్వదు. అదే సమయంలో మీరు క్రెడిట్ కార్డు బకాయి మీద 20 శాతం పైన వడ్డీ కడుతూ ఉంటే, ఆ 154 కార్డుకు వెళ్లాల్సిన డబ్బు. కొందరు ‘చేతికొస్తే ఖర్చయిపోతుంది, అక్కడే ఉండనీ’ అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా కోత తగ్గించుకుని, జీతం పడిన రోజే ఆ 154 సేవింగ్స్ ఖాతాకు దానంతటదే వెళ్లేలా పెట్టుకోమనే చెబుతాను. అవసరం వచ్చినప్పుడు ఆ డబ్బు ఏప్రిల్ దాకా ఆగకుండా అందుతుంది. మా ఇంట్లో మేము 500 డాలర్ల లోపు రిఫండ్ వచ్చేలా చూసుకుంటాం, లెక్కలో చిన్న పొరపాటు దొర్లినా కట్టాల్సిన పని లేకుండా.

ఎఫ్-1 (విద్యార్థి వీసా), ఓపీటీ (ఆ వీసా మీద ఉద్యోగం చేసే అనుమతి) మీద ఉండి నాన్ రెసిడెంట్‌గా ఫైల్ చేసేవాళ్లకు ఈ పాఠంలోని జాయింట్ లెక్క వర్తించదు. వాళ్ల డబ్ల్యూ-4 నియమాలే వేరు, వాటికి 5వ పాఠం ఉంది.

ఈ వారం అభ్యాసం: పై లెక్కలో భార్య జీతాన్ని 60,000 చేసి మూడు అంకెలూ మళ్లీ కట్టండి, అంటే అసలు టాక్స్, గడి టిక్ చేయకపోతే పట్టుకునేది, టిక్ చేస్తే పట్టుకునేది. మొదటిది 21,940, రెండోది 12,880 రావాలి. మూడోది చెప్పను, అది మొదటిదానికంటే కొంచెం వేరుగా వస్తుంది. ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టి బోనస్, ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) మీద పడే 22 శాతం కోత దగ్గరికి వెళదాం.