టీఎల్‌డీ వాడుతూ కిడ్నీలను కాచుకోవడం ఎలా?

మా గుంటూరు వైపు మిరపకోతల్లో నడుము పట్టేస్తే ఎవరూ పెద్దాసుపత్రికి పోరు. ఊళ్లో ఆర్‌ఎంపీతో ఓ నొప్పుల సూది వేయించుకుని మర్నాడు మళ్లీ చేలో దిగుతారు. హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే టీఎల్‌డీ బిళ్ల వాడే మనకు ఆ అలవాటు పనికిరాదు. నేనూ ఆ బిళ్ల మీదే ఉన్నాను. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చేవాళ్లతో మాట్లాడటం నా పని. కిడ్నీ గురించి ఎవరడిగినా ముందు ఈ సూది సంగతే ఎత్తుతాను.

బిళ్లలో టెనోఫోవిర్, లామివుడిన్ చెరో 300 మిల్లీగ్రాములు, డోలుటెగ్రావిర్ 50 ఉంటాయి. కిడ్నీ వైపు చూసుకోవాల్సింది టెనోఫోవిర్‌ను. అది మూత్రంలోంచే బయటికి పోతుంది, పోతూ కొందరికి కిడ్నీలోని సన్నగొట్టాలను దెబ్బతీస్తుంది. చాలామందికి ఏళ్లు గడిచినా ఏమీ కాదు. దానికి నొప్పుల సూదుల్లో వాడే డైక్లోఫెనాక్ తోడైతే మాత్రం, అందులోనూ ఎండకు ఒంట్లో నీరు లేనప్పుడు, కిడ్నీ రోజుల్లోనే దెబ్బతినొచ్చు. నొప్పికి పారాసెటమాల్ అడగండి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, "కిడ్నీ జాగ్రత్త అన్నారు, డైక్లో, బ్రూఫెన్ వద్దు" అంటే చాలు. ఆసుపత్రిలో డాక్టరుకైతే అన్ని మందులూ చూపించండి. మీ అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది. పేరూ ఊరూ లేని పసర్లు, భస్మాలు అసలే వద్దు.

ఇక క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చెప్పే పరీక్ష. రిపోర్టులో నక్షత్రం గుర్తు లేకపోతే బాగున్నట్టేనని అందరూ అనుకుంటారు. కిడ్నీ ఎంత వడకడుతోందో తెలియాలంటే ఈ లెక్క చూడండి: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌ను 72తో గుణించగా వచ్చిన అంకెతో భాగించాలి. ఆడవాళ్లకైతే మళ్లీ 0.85తో గుణించాలి. 48 ఏళ్లు, 46 కిలోలు, క్రియాటినిన్ 1.1 ఉన్న ఆవిడకు 45 వస్తుంది. 1.1 చూసి ఎవరూ కంగారుపడరు, కానీ 50కి దిగువకు వస్తే టెనోఫోవిర్ గురించి డాక్టరు ఆలోచించాల్సిందే. బక్కపలచటి మనుషులకు ఈ లెక్క తప్పనిసరి.

ఇందులో ఒక మెలిక ఉంది. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన మొదటి నెలలో క్రియాటినిన్ 0.1, 0.2 పెరిగి అక్కడే ఆగుతుంది. అది కిడ్నీ పాడవడం కాదు, క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని ఆ మందు మూయడం. అందుకే పాత రిపోర్టులన్నీ దాచుకోండి. ఒక్క అంకె కన్నా, అది నిలిచిందా, ఎక్కుతూనే ఉందా అన్నది ముఖ్యం. క్రియాటినిన్‌తో పాటు మూత్రపరీక్ష కూడా అడగండి. రక్తంలో షుగర్ మామూలుగా ఉండి మూత్రంలో షుగర్ కనిపిస్తే, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే, గొట్టాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వాటిని అదుపులో పెట్టుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే టీఎల్‌డీతో కలిపి రోజుకు మామూలుగా 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు, ఆ సంగతి షుగర్ డాక్టరుకు మీరే గుర్తుచేయండి. విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. మూత్రం తగ్గినా, నురగ ఎక్కువైనా, కాళ్లు వాచినా సెంటర్‌కు వెళ్లండి.

భయపడి బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వైరస్ మళ్లీ లేస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉంటే టెనోఫోవిర్ ఆపగానే కాలేయం మీదకు రావచ్చు. అబాకవిర్ లాంటి వేరే మందుకు డాక్టరే మారుస్తారు. వెంటనే వెళ్లలేకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.