ఏపీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎలా చదవాలి? బెంగళూరులో ఉంటే సగం ల్యాబ్ మీ అపార్ట్‌మెంట్ కిందే ఉంది

మా బెల్లందూరు, మారతహళ్లి వైపు తెలుగువాళ్ల ఇళ్లల్లో ఈ కోర్సు పేరెత్తితే వచ్చే మాట ఒకటే: "ఈవీఎస్సే కదా, చివర్లో రెండు వారాలు కూర్చుంటే అయిపోతుందిలే." పక్కన ఫిజిక్స్, కాల్‌క్యులస్ పెట్టుకుని చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలోని కాలేజ్ బోర్డ్ నడుపుతుంది, ఇంటర్ వయసు పిల్లలు డిగ్రీ మొదటి ఏడాది స్థాయి పాఠం చదువుతారు. సిలబస్ అర్థం చేసుకోవడానికి కష్టమేమీ కాదు, ఆ మాట నిజమే. మార్కులు పోయే చోటు వేరే ఉంది: ఒకదానివల్ల ఇంకోటి ఎలా జరుగుతుందో మధ్యలో ఒక్క మెట్టు కూడా వదలకుండా రాయడం. ఈ అలవాటు రెండు వారాల్లో రాదు.

1. ముందు పరీక్ష రూపం చూసుకోండి

మొత్తం 2 గంటల 40 నిమిషాలు. మొదటి 90 నిమిషాల్లో 80 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, వాటికి 60 శాతం. తర్వాత 70 నిమిషాల్లో 3 పెద్ద ప్రశ్నలు, ఒక్కోటి 10 పాయింట్లు, వాటికి 40 శాతం. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనిది కూడా ఏదో ఒకటి పెట్టేసి రండి. 2025 నుంచి అంతా కంప్యూటర్ మీద బ్లూబుక్ యాప్‌లోనే, పెద్ద జవాబులు కూడా టైప్ చేయాల్సిందే. టైపింగ్ నెమ్మదిగా ఉన్నవాళ్లు ఈ సంగతి ఏప్రిల్‌లో కాకుండా ఇప్పుడే పట్టించుకోండి.

మొత్తం 9 యూనిట్లు. అన్నింటికీ ఒకే బరువు లేదు. చివరిదైన గ్లోబల్ చేంజ్‌కి 15–20 శాతం, మొదటి రెండింటికి (ఎకోసిస్టమ్స్, జీవవైవిధ్యం) 6–8 శాతం చొప్పున. పిల్లలు చేసేదేమో సరిగ్గా దీనికి తలకిందులు: జూన్ జూలైల్లో ఉత్సాహంగా ఫుడ్ చెయిన్ బొమ్మలకి రంగులు వేస్తూ కూర్చుని, తొమ్మిదో యూనిట్ దగ్గరికి వచ్చేసరికి మిగతా సబ్జెక్టుల పరీక్షలన్నీ మీద పడతాయి. తొమ్మిదో యూనిట్‌ని సంక్రాంతికల్లా ఒకసారి చదివేసి పెట్టుకోండి, వరసగా వెళ్లాలన్న రూలేం లేదు.

2. గొలుసు రాయడం నేర్చుకోండి

అసలు పని ఇదే, మిగతావన్నీ తర్వాత. బెల్లందూరు చెరువునే తీసుకుందాం. వానాకాలంలో తెల్లటి నురగ రోడ్డు మీదకి ఎగిరి బైకుల మీద పడటం చూసే ఉంటారు, 2015లో ఆ నురగకే నిప్పంటుకుంది, 2017 ఫిబ్రవరిలో చెరువు మళ్లీ తగలబడింది. "శుద్ధి చేయని మురుగు చెరువులో కలిస్తే చేపలకి ఏమవుతుంది, వివరించండి" అన్న ప్రశ్నకి చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "మురుగు వల్ల కాలుష్యం పెరిగి చేపలు చనిపోతాయి." దీనికి పాయింటు రాదు. ఎందుకంటే ఇందులో చెప్పిందేమీ లేదు.

ఇలా రాయాలి: మురుగులోని ఫాస్ఫేట్లు, నైట్రేట్లు నాచుకి ఎరువులా పనిచేస్తాయి, నాచు విపరీతంగా పెరిగి నీటి పైభాగమంతా కమ్మేస్తుంది, అది చచ్చి కిందకి దిగాక బాక్టీరియా దాన్ని కుళ్లబెడుతూ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది, ఆక్సిజన్ పడిపోయి చేపలు ఊపిరాడక చస్తాయి. ఇదే యూట్రోఫికేషన్. ఆక్సిజన్‌ని తినేసేది నాచు అని రాసేవాళ్లు చాలామంది, ప్రధానంగా తినేది కుళ్లబెట్టే బాక్టీరియా. ఇంకో సంగతి, ఆ నురగకి ముఖ్య కారణం డిటర్జెంట్లలో ఉండే సర్ఫక్టెంట్లు (నురగ పుట్టించే రసాయనాలు), నాచుకి కారణం పోషకాలు. రెండూ ఒకే మురుగులోంచి వచ్చినా రెండు వేరే గొలుసులు, కలిపేయకండి.

గొలుసు సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మంచి పద్ధతి: పరీక్ష ఇంగ్లీషులోనే అయినా ముందు ఇంట్లో అమ్మమ్మకో నాన్నమ్మకో తెలుగులో చెప్పండి. "అదేంట్రా, నాచు పచ్చగా ఉంటే చేపలకి మంచిదే కదా?" అని ఆవిడ అడిగిందంటే, మీరు మధ్యలో ఒక మెట్టు మింగేశారన్నమాట. పరీక్ష దిద్దేవాళ్లు ఆవిడలా తిరిగి అడగరు, పాయింటు తీసేస్తారంతే.

ప్రశ్నలో క్రియ ఏముందో కూడా చూడండి. ఐడెంటిఫై అంటే పేరు చెబితే చాలు. డిస్క్రైబ్ అంటే లక్షణాలు చెప్పాలి. ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకు, ఎలా అన్నది రాయాలి, అక్కడే గొలుసు కావాలి. ఒకటి అడిగితే ఒకటే రాయండి, మూడు రాస్తే ఏదో ఒకటి తగులుతుందిలే అనే లెక్క ఇక్కడ పనిచేయదు. పరిష్కారం చెప్పమంటే "అవగాహన పెంచాలి, చెట్లు నాటాలి" లాంటివి వద్దు, అవి ఆగస్టు 15 ఉపన్యాసానికి దాచుకోండి.

3. ఒకసారి బేస్‌మెంట్‌లోకి దిగండి

ఎనిమిదో యూనిట్‌లో మురుగు శుద్ధి ఉంటుంది. పుస్తకంలో నాలుగు డబ్బాలు, నాలుగు బాణాలు. కానీ బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్లకి సొంత ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంటుంది, అసోసియేషన్‌ని అడిగితే పగటిపూట చూపిస్తారు (ముక్కుకి మాస్కు, పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి). మొదట జల్లెడ లాంటి ఇనుప ఊచల దగ్గర ప్లాస్టిక్, గుడ్డ ముక్కలు ఆగిపోతాయి. తర్వాత గాలి కొట్టే ట్యాంకు, బ్లోయర్ మోతకి మాట వినపడదు. ఆపరేటర్ అన్నని అడిగితే ఆ ట్యాంకులోంచి లీటరు గాజు జాడీలో నీళ్లు తీసి అరగంట అలా వదిలేసి చూపిస్తాడు: కిందకి గోధుమరంగు బురద దిగుతుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. ఆ బురదంతా బతికున్న సూక్ష్మజీవులే. రంగు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే గాలి చాలడం లేదని అర్థం.

ప్రైమరీ అంటే భౌతికంగా వడకట్టడం, సెకండరీ అంటే సూక్ష్మజీవులు తినడం, టెర్షియరీ అంటే మిగిలిన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు తీయడం. ఆ జాడీ ఒకసారి చూశాక ఈ వరస మర్చిపోరు. దీన్నే ఊరికి అన్వయించండి: 2018 నుంచి బెంగళూరు మురుగుని సెకండరీ వరకు శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకి పంపుతున్నారు. ఎండిపోయిన చెరువులు నిండి భూగర్భ జలం పెరగడం లాభం, టెర్షియరీ లేకపోవడం వల్ల పోషకాలు మిగిలిపోవడం అభ్యంతరం. "ఒక పరిష్కారం చెప్పి, దానివల్ల ఒక లాభం, ఒక నష్టం రాయండి" అనే తరహా ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

4. ఒక చిన్న ప్రయోగం మీరే చేయండి

పెద్ద ప్రశ్నల్లో మొదటిది ప్రయోగం గురించే. రెండు పళ్లేల్లో తడి గుడ్డ వేసి ఒక్కోదాంట్లో 50 రాగి గింజలు పెట్టండి, ఒకదానికి కుళాయి నీళ్లు, ఇంకోదానికి ఎస్‌టీపీలో శుద్ధయిన నీళ్లు. ఐదో రోజు మొలకలు లెక్కపెట్టండి. మార్చింది నీళ్లు, కొలిచింది మొలకల సంఖ్య, కుళాయి నీళ్ల పళ్లెం కంట్రోల్, అంటే పోల్చి చూసుకోవడానికి ఉంచుకున్నది. వెలుతురు, వేడి, నీటి పరిమాణం రెండింటికీ ఒకటే ఉండాలి. ఈ నాలుగు మాటలూ ఏ ప్రయోగం ఇచ్చినా చటుక్కున చెప్పగలగాలి.

5. లెక్కలకి భయపడకండి, యూనిట్లు వదలకండి

మూడో పెద్ద ప్రశ్నలో లెక్కలుంటాయి. క్యాలిక్యులేటర్ వాడొచ్చు, యాప్‌లోనే ఒకటి ఉంటుంది. కానీ దారి చూపించకుండా జవాబొక్కటే పెడితే నష్టం మీకే. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అక్కడి నుంచి మొదలుపెట్టండి. 2 కిలోవాట్ల గీజరు, రోజుకి అరగంట, 200 ఫ్లాట్లు, 30 రోజులు: 2 × 0.5 × 200 × 30 = 6,000 యూనిట్లు. సోలార్ హీటర్లతో ఇందులో 80 శాతం తగ్గితే మిగిలేది 1,200. ఇలాంటి లెక్కలు మీరే తయారుచేసుకోండి, ప్రతి అంకె పక్కన దాని యూనిట్ రాస్తూ. రూల్ ఆఫ్ 70 కూడా ఉంచుకోండి: జనాభా ఏటా 2 శాతం పెరిగితే రెట్టింపయ్యేది 70 ÷ 2, అంటే 35 ఏళ్లకి.

6. బట్టీ పట్టాల్సినవి

ఉన్నాయి, తప్పదు. అమెరికా చట్టాలైన క్లీన్ ఎయిర్ యాక్ట్, క్లీన్ వాటర్ యాక్ట్, అంతరించే జీవుల కోసం 1973 నాటి చట్టం, ఓజోన్ పొర కోసం 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం. ఏది దేనికోసమో ఒక చిన్న కార్డు మీద రాసుకుని మెట్రోలో చూసుకోండి, అంతకుమించి టైం పెట్టొద్దు. ఓజోన్ దగ్గర మాత్రం ఆగాలి. పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటే మనల్ని కాపాడుతుంది. కింద సిల్క్‌బోర్డ్ లాంటి జంక్షన్లలో వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే కార్బన్ రసాయనాలు) ఎండలో కలిసి తయారయ్యేది ఊపిరితిత్తులకి చేటు. ఓజోన్ పొర చిల్లుపడటం వల్లే భూమి వేడెక్కుతోందని రాశారా, పాయింటు పోయినట్టే.

7. చివరి నెల

పరీక్ష మేలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ మాత్రం ముందు ఏడాదిలోనే చేసుకోవాలి, సెంటర్లో సీటుందో లేదో ముందుగా కనుక్కోండి. పాత పెద్ద ప్రశ్నలు కాలేజ్ బోర్డ్ సైట్‌లో మార్కింగ్ వివరాలతో సహా ఉచితంగా దొరుకుతాయి, గైడ్ల మీద డబ్బు పెట్టేముందు అవి పూర్తిచేయండి. ఒక్కో ప్రశ్నకి 23 నిమిషాలు టైమర్ పెట్టుకుని రాయండి, రాసింది మీరు దిద్దుకోకుండా స్నేహితుల చేత దిద్దించండి, మొహమాటానికి పాయింట్లు వేసే స్నేహితులైతే వద్దు.