పద్యంలో దాగిన ఇరవై అంకెల సంఖ్యను కాగితం మీద విప్పడం ఎలా?

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? స్ప్రెడ్‌షీటును అడగకండి. పదిహేను అంకెలు వేసి మిగిలిన ఐదు చోట్లా సున్నాలు పెట్టేస్తుంది, పెట్టానని చెప్పదు కూడా. తెలుగులో ఒక పాత చంపకమాల ఒక్క అంకె కూడా పోకుండా లెక్క చెబుతుంది.

1. అంకెలు దించుకోండి

“శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు” అని సాగుతుంది పద్యం. ఒక్కో మాట ఒక్కో అంకె. మన్మథుడి శరాలు ఐదు కాబట్టి శరం, సాయకం రెండూ 5. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, తుహినాంశువు కూడా 1. నవరంధ్రాలు 9, ఆకాశం 0, కులపర్వతాలు 7, అగ్నులు 3, సముద్రాలు, వేదాలు, బ్రహ్మ ముఖాలు 4, తర్కాలు 6, దిగ్గజాలు 8. సంధుల దగ్గరే చాలామంది తడబడతారు: వియన్నగాగ్నిలో వియత్తు, నగం, అగ్ని మూడున్నాయి, అంటే 0, 7, 3. గగనాబ్ధిలో రెండు.

అంకెలను కుడి నుంచి ఎడమకు వేసుకుంటూ పోవాలి. మొదటి శరం ఒకట్ల స్థానంలోది. చివరికి వచ్చేది:

18446744073709551615

చదవాలంటే సుమారు లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు.

2. కవి లెక్క సరిచూడండి

1, 2, 4, 8... ఎక్కడ ఆపి కూడినా మొత్తం తరవాతి గడి కంటే ఒకటి తక్కువ. కాబట్టి మనది 2⁶⁴ − 1. 64ను 0.30103తో (పది ఆధారంగా 2కు లాగరిథం) గుణిస్తే 19.27 వస్తుంది, అంటే ఇరవై అంకెలు. 2 అనే సంఖ్య ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతాయి. 64 నాలుగు గుణిజం కనుక చివర 6, ఒకటి తీస్తే 5. పద్యం మొదటి మాట శరమే కదా! అంకెలన్నీ కూడితే 87: మూడుతో భాగించవచ్చు, తొమ్మిదితో కుదరదు (కింద ముక్కలు చేసినప్పుడు 3 ఒక్కసారే వస్తుంది, సరిపోయింది). ఇంకా అనుమానముంటే 65536ను దానితోనే గుణించండి, వచ్చిన 4294967296ను మళ్లీ దానితోనే గుణించి ఒకటి తీసేయండి. అరపేజీ పని.

3. ముక్కలు చేయండి

బడిలో నేర్చిన a² − 1 = (a + 1)(a − 1) చాలు. 2⁶⁴ − 1 అంటే (2³² + 1)(2³² − 1). రెండో దాన్ని మళ్లీ అలాగే విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదీ ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపాడు.

భాగహారం చేయకుండానే ఇది తేల్చే ఉపాయం ఒకటుంది, నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన చోటు. 641 = 5 × 2⁷ + 1. అది 5⁴ + 2⁴ కూడా. 641తో భాగిస్తే మిగిలే శేషాలనే చూస్తే, 5 × 2⁷ విలువ −1. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ విలువ 1. 5⁴ బదులు −2⁴ వేయండి: −2³² విలువ 1. అంటే 2³² + 1కి శేషం సున్నా. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే.

4. భాజకాలు లెక్కించండి

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ప్రతిదీ ఒక్కసారే. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కాబట్టి మొత్తం భాజకాలు 2⁷ = 128.

255 అంటే 3 × 5 × 17 కనుక ఆ గింజలను 255 మందికి సమంగా పంచవచ్చు. 257 మందికీ పంచవచ్చు. 256 మందికి పంచితే మాత్రం వరసలో చివరి మనిషికి ఒక్క గింజ తక్కువ పడుతుంది.