90 రోజుల విండోస్‌ ఇంటి కంప్యూటర్లో వేసేముందు

మా అక్కవాళ్ళింట్లో కంప్యూటర్‌ గంటకోసారి ఆగిపోతోందని, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ మార్పించారు. ర్యామ్‌ తీసి, కాంటాక్టులు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టించారు. అయినా ఆగుతూనే ఉంది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి మేనకోడలు ఒకే దరఖాస్తును మూడోసారి నింపుతోంది. రెండుసార్లూ సగంలో ఉండగానే కంప్యూటర్‌ ఆగిపోయిందట.

కంప్యూటర్లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్‌ వ్యూయర్‌ తెరిచి, సిస్టమ్‌ లాగ్‌లో 1074 నంబరు ఎంట్రీలు, అంటే షట్‌డౌన్‌ ఎవరు చేయించారో చెప్పేవి, వెతికాను. గంట గంటకీ ఒకటి చొప్పున వరసగా కనిపించాయి. షట్‌డౌన్‌ చేయించింది డబ్ల్యూఎల్‌ఎంఎస్‌ అనే ప్రోగ్రాం. ఈ విండోస్‌ లైసెన్సు గడువు ముగిసింది కాబట్టి ఆపేస్తున్నానని కారణం కూడా రాసి పెట్టింది. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. 2025 అక్టోబర్‌ 14తో విండోస్‌ 10కి సపోర్ట్‌ ఆగిపోతుందని విని, అంతకు కొద్దిరోజుల ముందు ఓ రిపేరు షాపులో విండోస్‌ 11 వేయించుకున్నారు. అక్కడ వేసింది ఎంటర్‌ప్రైజ్‌ ఎవాల్యుయేషన్‌ కాపీ. దానికి గడువు 90 రోజులేనన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇది దొంగ కాపీ కాదు. కంపెనీల ఐటీ వాళ్ళు కొనేముందు పరీక్షించి చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్‌ తన సైట్‌లోనే ఉచితంగా ఇస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. అన్నీ పనిచేస్తాయి, అప్‌డేట్లూ వస్తాయి. గడువు దాటాక వాల్‌పేపర్‌ నల్లబడుతుంది, ఇది అసలైన కాపీ కాదని నోటీసు కనిపిస్తుంది, గంటకోసారి షట్‌డౌన్‌ మొదలవుతుంది. సేవ్‌ చేయని పని పోయినట్టే. సరే, డబ్బులిచ్చి మామూలు విండోస్‌ హోమ్‌ లైసెన్సు కీనో ప్రో కీనో కొందామంటే అది ఈ కాపీకి పట్టదు. మళ్ళీ మొదటి నుంచి విండోస్‌ వేసుకోవాల్సిందే. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

అందుకని ముందు మీ కంప్యూటర్లో ఇప్పుడున్నదేమిటో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, అందులో అబౌట్‌. ఎడిషన్‌ పేరు చివర ‘ఎవాల్యుయేషన్‌’ అని ఉంటే ఇదే. చాలాసార్లు డెస్క్‌టాప్‌ కింద కుడి మూలన ఇంకా ఎన్ని రోజులుందో సన్నటి అక్షరాల్లో కనిపిస్తుంది. కచ్చితమైన తేదీ కావాలంటే కమాండ్‌ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, వాలుగీత పెట్టి ఎక్స్‌పీఆర్‌ అని ఇంగ్లీషులో (slmgr /xpr) కొట్టండి. వచ్చిన తేదీని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి. ఫోన్‌లో రెండు వారాల ముందు మోగేలా రిమైండర్‌ పెట్టండి. ఆ కంప్యూటర్‌ వాడే ఇంట్లోవాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి. మా అక్కవాళ్ళింట్లో లోపించింది అదే.

నేర్చుకోవడం కోసమే వేస్తున్నారనుకుందాం. అమీర్‌పేటలో సర్వర్‌ అడ్మినిస్ట్రేషనో డేటాబేసో కోర్సులో చేరినవాళ్ళకి రాత్రి ఇంటికొచ్చి సాధన చేసుకోవడానికి ఈ కాపీలే ఆధారం. నేనూ అలా నేర్చుకున్నవాణ్ణే, వాడొద్దనను. కాకపోతే ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్లో, నాన్నగారి పెన్షన్‌ కాగితాలూ పిల్లల ఫొటోలూ ఉన్న డ్రైవ్‌ మీద మాత్రం నేరుగా వేయకండి. వర్చువల్‌బాక్స్‌ లాంటి ప్రోగ్రాం పెట్టుకుని, వర్చువల్‌ మెషిన్‌ (మీ కంప్యూటర్‌ లోపలే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌) లోపల వేయండి. విండోస్‌ 11కి కనీసం 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ స్థలం కావాలి. కాబట్టి మీ సిస్టమ్‌లో 8 జీబీయే ఉంటే ఇరుకుగానే నడుస్తుంది, 16 ఉంటే హాయి. గడువు అయిపోతే లోపలి మెషిన్‌ ఆగుతుంది, బయట ఇంటి పని మామూలుగా సాగుతుంది.

విండోస్‌ సర్వర్‌ ఎవాల్యుయేషన్‌కి 180 రోజులిస్తారు. అయితే వేసిన మొదటి 10 రోజుల్లో ఇంటర్నెట్‌కి కలిపి యాక్టివేట్‌ చేయకపోతే అన్ని రోజులూ రావు, షట్‌డౌన్లు ముందే మొదలవుతాయి. గడువు పొడిగించే రీఆర్మ్‌ కమాండ్‌ ఒకటుంది గానీ అది లెక్కపెట్టి కొన్నిసార్లే పనిచేస్తుంది. దాని భరోసా మీద అసలు డేటా పెట్టకండి. ఇక మైక్రోసాఫ్ట్‌ డేటాబేస్‌ అయిన ఎస్‌క్యూఎల్‌ సర్వర్‌ నేర్చుకునేవాళ్ళకి 180 రోజుల ఎవాల్యుయేషన్‌ అవసరమే లేదు. డెవలపర్‌ ఎడిషన్‌ ఉచితం, గడువు లేదు, నిజమైన వ్యాపారానికి వాడకూడదన్నదొక్కటే షరతు. చిన్న దుకాణం లెక్కలకైతే ఎక్స్‌ప్రెస్‌ ఎడిషన్‌ కూడా ఉచితమే. 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. ఎవాల్యుయేషన్‌ కాపీ మీద మాత్రం ఎవరి బిల్లింగూ నడపకండి, లైసెన్సు ఒప్పుకోదు.

షాపు లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్‌ నేర్చుకునేవాళ్ళకైతే దాని ఎడ్యుకేషన్‌ మోడ్‌లో గడువు బాధ లేదు. కానీ నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. నేర్చుకోవడానికి చాలు, షాపు లెక్కలకు పనికిరాదు.

విండోస్‌ గడువు దగ్గరపడితే కంప్యూటర్‌ తేదీ వెనక్కి తిప్పమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. కంప్యూటర్‌ తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు సరిపోక బ్యాంకు పేజీలు తెరుచుకోవు. లైసెన్సు లేకుండానే యాక్టివేట్‌ చేస్తామంటూ యాక్టివేటర్‌ అని దొరికే ఫైళ్ళు ఇంకా ప్రమాదం. ముందు విండోస్‌లోని యాంటీవైరస్‌ డిఫెండర్‌ను ఆపేయమంటాయి. కాపలావాణ్ణి పంపించేసి తలుపు తీయమన్నట్టే కదా!

కార్డు అడిగే ఉచిత ట్రయల్స్‌ సంగతి వేరు. అక్కడ గడువైపోతే ప్రోగ్రాం ఆగదు, డబ్బు కట్‌ అవుతుంది. రిజర్వ్‌ బ్యాంక్‌ నిబంధనల ప్రకారం ఇలాంటి చెల్లింపుకి 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. 15,000 రూపాయల లోపైతే ప్రతిసారీ ఓటీపీ అడగరు. కాబట్టి ఆ ఎస్‌ఎంఎస్‌ను ప్రకటన అనుకుని తీసేయకండి. ట్రయల్‌ మొదలుపెట్టిన రోజే రద్దు చేసే పేజీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

మీ విండోస్‌కి ఇప్పటికే గడువు దాటిపోయి ఉంటే కంగారుపడకండి, ఫైళ్ళు చెరిగిపోవు. ఆ గంటలోనే డాక్యుమెంట్లు, ఫొటోలు, బ్రౌజర్‌ పాస్‌వర్డ్‌లు బయటి డ్రైవ్‌లోకి తీయండి. గంట చాలనంత డేటా ఉంటే లైనక్స్‌ పెన్‌డ్రైవ్‌తో బూట్‌ చేసి తీరిగ్గా కాపీ చేసుకోవచ్చు. డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్‌ ఆన్‌లో ఉంటే రికవరీ కీ లేకుండా అలా తెరుచుకోదు కనుక, కీని ముందే రాసి పెట్టుకోండి.

మా అక్కవాళ్ళది విండోస్‌తో పాటే వచ్చిన కంపెనీ డెస్క్‌టాప్‌. అలాంటివాటిలో సాధారణంగా లైసెన్సు కీ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది, వీళ్ళది హోమ్‌ ఎడిషన్‌ది. ఫైళ్ళన్నీ తీసుకుని, మైక్రోసాఫ్ట్‌ సైట్‌ నుంచి మామూలు విండోస్‌ 11 దించి హోమ్‌ వేశాను. ఇంటర్నెట్‌కి కలపగానే, ఏ కీ కొట్టకుండానే, యాక్టివేట్‌ అయినట్టు చూపించింది. షాపుకి పంపక ముందు నుంచీ వాళ్ళ లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉంది. మేనకోడలు కూర్చుని దరఖాస్తు నాలుగోసారి మొదలుపెట్టింది.