వీల్‌చెయిర్‌లో ఉంటూ ప్రేమ వైపు అడుగు వేయడం ఎలా? మొదటి మెసేజ్ నుంచి పెళ్లి మాటల దాకా

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, చేతులు సగమే పనిచేస్తూ, ఛాతీ కింద స్పర్శ లేకుండా బతుకుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కండరాల క్షీణత, సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు కూడా చాలా వరకు పనికొస్తుంది. "నన్నెవరు ఇష్టపడతారు" అని చాలామంది కుమిలిపోతారు కానీ, మన ఇళ్లలో అసలు అడ్డంకి అంతకంటే ముందే ఉంటుంది. స్నానం చేయించేది అమ్మ, మంచం మీదకి ఎత్తేది తమ్ముడు, ఫోన్ తీసి చేతికిచ్చేది నాన్న, గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. ఒంటరిగా కాసేపు ఉండే వీలే లేని మనిషి ఒకరికి మనసులో మాట ఎలా చెప్పుకోగలడు?

ముందు తలుపు వేయించుకోండి

రోజుకో గంట, నేను పిలిస్తే తప్ప ఎవరూ లోపలికి రావద్దు అని ఇంట్లో చెప్పండి. వాళ్ల భయం పోవడానికి మంచం పక్కన ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్ పెట్టించండి, నొక్కలేకపోతే ఫోన్‌లో నోటిమాటతో కాల్ వెళ్లేలా సెట్ చేయించుకోండి. "మా దగ్గర నీకు రహస్యాలేంటి నాన్నా" అని అమ్మ బాధపడుతుంది. వాదించకండి, కారణాలు చెప్పకండి, "పెద్దవాణ్ణయ్యానమ్మా, కాసేపు నా లోకంలో నన్ను ఉండనివ్వు" అంటే చాలు.

ఫోన్ కూడా అంతే. లాక్ పెట్టుకోండి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనపడకుండా ఆపేయండి, ఎటు కావాలంటే అటు వంచుకునే ఫోన్ స్టాండ్ ఒకటి మంచానికి బిగించుకోండి. గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కాబట్టి వేళ్లు కదలకపోయినా మీ మాట మీరే రాసుకోవచ్చు. తమ్ముడికి చెప్పి టైప్ చేయించుకున్న ప్రేమ మెసేజ్ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

ఇంకొకటి, డబ్బు కుదిరితే, రోజుకు రెండు గంటలకైనా సరే, స్నానం, యూరిన్ బ్యాగ్, డయాపర్ పనులకు అటెండర్‌ని పెట్టుకోండి. ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్ల చేతుల్లో ఒక పనిగా మాత్రమే ఉన్న ఒళ్లు, ఎవరైనా ముట్టుకోవాలనుకునే ఒళ్లు అని మనకే నమ్మకం కలగదు. నాకు తెలిసి చాలామందికి ధైర్యం వచ్చింది ఇక్కడే.

ప్రొఫైల్‌లో కుర్చీ కనపడాలి

ఆసుపత్రి ఫోటో వద్దు, ముఖం వరకే కత్తిరించిన ఫోటో వద్దు. మంచి చొక్కా వేసుకుని, వెలుతురులో, వీల్‌చెయిర్‌తో సహా ఒక ఫోటో పెట్టండి. రాత ఇలా ఉండొచ్చు: "బైక్ ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది, పవర్ వీల్‌చెయిర్ వాడతాను, పగలు అటెండర్ ఉంటాడు. ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. క్రికెట్ ఉన్న రోజు నన్ను కదిలించలేరు, గోంగూర లేని భోజనం నాకు భోజనం కాదు." వైకల్యం రెండు వాక్యాల్లో అయిపోవాలి, మిగతాదంతా మీరు.

వికలాంగుల కోసం ప్రత్యేకంగా ఇన్‌క్లోవ్ అనే యాప్ 2016లో వచ్చింది, కొన్నేళ్లకే మూతపడింది. మామూలు డేటింగ్ యాప్‌లు, మ్యాట్రిమోనీ సైట్లు, ఆన్‌లైన్ కోర్సులు, ఆఫీసు స్నేహాలు, ఇవన్నీ మీవి కూడా. మ్యాట్రిమోనీలో అయితే ఒక జాగ్రత్త. ప్రొఫైల్ ఇంట్లోవాళ్లు రాస్తారు, "కాలికి చిన్న ఇబ్బంది" అని రాసేస్తారు. పోస్ట్ చేసే ముందు చదవండి, అబద్ధం ఉంటే తీయించండి. అవతలి అమ్మాయికో అబ్బాయికో పెళ్లిచూపుల్లో నిజం తెలిస్తే ఆ అవమానం ఇద్దరిదీ.

రెండో మెసేజ్‌లోనే "నీకు అది పనిచేస్తుందా?" అని అడిగేవాళ్లు తగులుతారు. "అది నాకు దగ్గరైన మనిషితో మాట్లాడుకునే విషయం" అని ఒకసారి చెప్పండి, మళ్లీ అడిగితే బ్లాక్. మీ కాళ్ల ఫోటోలు, కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) ఫోటోలు మాత్రమే అడిగేవాళ్లు కూడా అంతే. కలవకుండానే డబ్బు అడిగితే అది మోసం, ఒకవేళ పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

మాట చెప్పేటప్పుడు జాలిని మధ్యలోకి రానివ్వకండి

"నాలాంటివాణ్ణి నువ్వెందుకు ఇష్టపడతావులే, అయినా చెబుతున్నాను" అని మొదలుపెడితే ఎదుటి మనిషి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది తప్ప జవాబు చెప్పలేరు. దీని బదులు, "నీతో మాట్లాడటం నాకు బాగా నచ్చుతోంది, స్నేహం కంటే ఎక్కువే అనిపిస్తోంది. నీకూ అలా ఉంటే ఒకసారి కలుద్దాం, లేకపోతే మొహమాటం లేకుండా చెప్పు" అనండి. కాదంటే బాధే. కారణం వైకల్యమే అయినా కావచ్చు, కాకపోయినా కావచ్చు, అది తవ్వి తెలుసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. మీకు కూడా కాదనే హక్కుంది, ఎవరో ఒకరు దొరికారు కదా అని నచ్చని మనిషికి తలూపకండి.

ఫిజియోథెరపిస్టు, నర్సు, అటెండర్ ఆప్యాయంగా ఉంటే అది వాళ్ల మంచితనం, వాళ్ల పని. మీ దగ్గర జీతం తీసుకునేవాళ్లు, మీకు చికిత్స చేసేవాళ్లు స్వేచ్ఛగా కాదు అనలేరు కాబట్టి అక్కడ ఆగిపోవడమే మర్యాద.

మొదటిసారి కలిసేటప్పుడు

చోటు మీరే ఎంచుకోండి. ముందుగా ఫోన్ చేసి "ర్యాంప్ ఉందా" అంటే అందరూ ఉందనే అంటారు, కాబట్టి గుమ్మం దగ్గర ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఎక్కడ, బాత్రూం తలుపు ఎంత వెడల్పు అని అడిగి, వీలైతే వాట్సాప్‌లో ఫోటో పంపించమనండి. మామూలు వీల్‌చెయిర్ సుమారు 25 అంగుళాలు ఉంటుంది, తలుపు 32 అంగుళాలు ఉంటే చేతులు గీరుకోకుండా వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో అయితే మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, పెద్ద మాల్స్ సాధారణంగా సులువు. ఊళ్లో ఉంటే పార్కో, మెట్లు లేని హోటలో, లేదా మీ ఇంటి వరండా కూడా తప్పు కాదు.

కాథెటర్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి వేసుకునేవాళ్లు బయలుదేరే ముందే ఆ పని ముగించుకుని రెండు గంటల్లో తిరిగొచ్చేలా ప్లాన్ చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. అటెండర్ తోడు రావాలి, కానీ వేరే టేబుల్ దగ్గర కూర్చోవాలి. తినిపించాల్సి వస్తే ఆ మొదటి రోజు అటెండరే తినిపించనివ్వండి, లేదా స్ట్రాతో తాగేవి చెప్పుకోండి. కొత్తగా పరిచయమైన మనిషి మొదటి గంటలోనే మీకు సేవ చేయడం మొదలుపెడితే ఇద్దరి మధ్య సంబంధం ఆ దారిలోనే పోతుంది, తర్వాత మార్చడం కష్టం. మీ ఫోన్‌లో లొకేషన్ ఒక స్నేహితుడికి షేర్ చేసి ఉంచండి. ఆడవాళ్లయితే ఇది తప్పనిసరి.

ఒంటి గురించి తెలుసుకోవడం

దగ్గరితనం గురించి ఆలోచన వచ్చిన రోజే పీఎంఆర్ డాక్టర్ని, అంటే పునరావాస వైద్యుణ్ణి కలవండి. వేలూరు సీఎంసీ లాంటి చోట్ల ఆ విభాగం ఉంది. అమ్మానాన్నల్ని బయట కూర్చోమని చెప్పి అడగండి.

ముఖ్యమైన సంగతులు ఇవి. గాయం ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ, దానికి పైన గానీ ఉంటే, మూత్రాశయం నిండటం, మలబద్ధకం, ఒక్కోసారి శృంగారం వల్ల కూడా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయం పైభాగంలో చెమటలు దీని గుర్తులు. వెంటనే ఆపేసి, నిటారుగా కూర్చోబెట్టించుకుని, బిగుతు బట్టలు వదులు చేసి, కాథెటర్ మడతపడిందేమో చూడాలి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది మీ భాగస్వామికి ముందే తెలిసి ఉండాలి. మగవాళ్లు అంగస్తంభన మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, గుండెకో బీపీకో ఇచ్చే నైట్రేట్ మందులతో కలిస్తే ప్రాణం మీదకొస్తుంది. ఆడవాళ్లకు, గాయం తర్వాత ఆగిన నెలసరి మళ్లీ మొదలయ్యాక గర్భం వచ్చే అవకాశం సాధారణంగా మామూలుగానే ఉంటుంది, స్పర్శ లేదు కదా అని జాగ్రత్తలు మానకూడదు. మగవాళ్లకు పిల్లల కోసం వైద్య సాయం అవసరం పడొచ్చు, దారులు మాత్రం ఉన్నాయి. స్పర్శ ఉన్న చోట, మెడ, చెవులు, ముఖం, చాలామందికి హాయి ఎక్కువగా తెలుస్తుంది, తొందరపడకుండా కనిపెట్టుకోవాల్సిన విషయం అది. తర్వాత నడుము, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూసుకోండి, ఒత్తిడి పుండ్లు అలానే మొదలవుతాయి.

పెళ్లి మాట వచ్చినప్పుడు

ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. "వాడికి చూసుకునే మనిషి కావాలి" అని పేదింటి పిల్లని వెతకడం పెళ్లి కాదు, జీతం లేని నర్సుని తెచ్చుకోవడం. మగవాళ్లు దాన్ని ఒప్పుకోకండి. ఆడపిల్లకు వైకల్యం ఉంటే సంబంధమే చూడరు, లేదా రెండో పెళ్లివాడికి ఇచ్చేస్తామంటారు, ఇంకొన్ని ఇళ్లలో గర్భసంచి తీయించేద్దామంటారు. మీ సమ్మతి లేకుండా పిల్లలు కలగకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్ నంబరు గుర్తుంచుకుని డాక్టరు ముందే చెప్పండి.

ఇళ్లు ఒప్పుకోకపోతే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వికలాంగుల పెళ్లిళ్లకు ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహక సొమ్ము గురించి జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి, కానీ సంబంధం మాట్లాడేటప్పుడు ఆ డబ్బు ఊసు ఎత్తకండి.

ముహూర్తం పెట్టుకునే ముందు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి: పొద్దున ఎవరు లేపుతారు, రాత్రి ఎవరు పక్కకి తిప్పుతారు, అటెండర్ రాని రోజు ఏం చేస్తారు, జీతం ఎవరి సంపాదనలోంచి ఇస్తారు. భార్యో భర్తో ఇష్టంగా చేసే పనులు కొన్ని ఉంటాయి, అవి వాళ్లనే ఎంచుకోనివ్వండి. మిగతా పనులకు పెళ్లికి ముందే మనిషిని కుదుర్చుకోండి, ఆ కొత్త అటెండర్‌కి మిమ్మల్ని ఎత్తడం, తిప్పడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.